ముందు తాంబూలాల మాట ఆపండి, మిగతావి తర్వాత

పల్నాడు వైపు ఒక చిన్న టౌను నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు నేనే మార్చాను.

ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతారు. భర్తకు ఎరువుల కొట్టు ఉంది. పెద్దమ్మాయికి పెళ్ళయి బెంగళూరులో ఉంటోంది. రెండో బిడ్డకు ఇరవై ఏళ్ళు. హైదరాబాద్ దగ్గర ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఉండేది లేడీస్ హాస్టల్లో. మొన్న సంక్రాంతికి జుట్టు మెడ పైకి కత్తిరించుకుని ఇంటికొచ్చింది. నాయనమ్మ రాద్ధాంతం చేశారు, తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. హాస్టల్‌కి తిరిగి వెళ్ళిన వారానికి అర్ధరాత్రి దాటాక తల్లికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "అమ్మా, నేను అమ్మాయిని కాదు. ఎనిమిదో క్లాసు నుంచి నాకు తెలుసు, చెప్పడం చేతకాలేదు. నన్ను అబ్బాయి పేరుతో పిలువు. నాన్నకు ఇప్పుడే చెప్పొద్దు. నువ్వు మాత్రం ఫోన్ ఎత్తడం మానేయకు."

ఆవిడ మానేయలేదు. రోజూ మాట్లాడుతున్నారు, ఈ ఒక్క విషయం తప్ప. ఈలోగా ఆడపడుచు తన కొడుక్కి చేసుకుంటానంటున్నారు. పిల్లాడు మంచివాడు, ఉద్యోగం ఉంది, మేనరికం. వేసవి సెలవుల్లో తాంబూలాలు పుచ్చుకుందామని అత్తగారు, భర్త మాట ఇచ్చినంత పని చేశారు. ఎవరికీ చెప్పుకోలేక ఆవిడ ఒక్కరే బస్సెక్కి పక్క ఊళ్ళో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే, "ఫోన్లు చూసి చూసి వచ్చిన తిక్క అమ్మా, ఒకసారి తీసుకురండి, కోర్సు వాడితే మామూలవుతుంది, పెళ్ళి చేస్తే పూర్తిగా సర్దుకుంటుంది" అన్నారట. సంక్రాంతి సెలవుల్లో బిడ్డ బ్యాగులో క్రేప్ బ్యాండేజీ చుట్టలు రెండు కనిపిస్తే కాలు బెణికిందేమో అనుకున్నారు. అవి ఛాతీకి చుట్టుకోవడానికని మెసేజ్ చదివాక అర్థమైంది.

చివర్లో ప్రశ్నలు వరసగా రాశారు. "రెండోసారి మగపిల్లాడు పుడితే ప్రభ కడతామని కోటప్పకొండకు మొక్కుకున్నాను. పుట్టాక ఐదేళ్ళ దాకా నిక్కర్లు, చొక్కాలే వేశాను. అందుకే ఇలా అయిందా? రేపు హిజ్రాల్లో కలిసిపోతుందా? ఇంజెక్షన్లు ఉంటాయట, ప్రమాదమా? మా ఆయనకు చెప్పాలా వద్దా? తెలుగులో చదువుకోవడానికి ఏమైనా ఉందా? ఆడపడుచుకు ఏం చెప్పను?"

అమ్మా, ముందు మొక్కు సంగతి తేల్చేద్దాం. అది మిమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదని రాశారు. మొక్కుకు, నిక్కర్లకు దీనితో ఏ సంబంధమూ లేదు. మగపిల్లాడు కావాలని మొక్కుకోని తల్లులు మన జిల్లాల్లో ఎంతమంది దొరుకుతారు చెప్పండి? మొక్కు వల్లే అయ్యేదైతే వీధికి పదిమంది కనపడాలి. అక్క పాత గౌన్లే వేసి పెంచినా మీకు ఇదే మెసేజ్ వచ్చేది. ఫోన్లు కూడా కారణం కాదు. ఫోన్ చేసిందల్లా, తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసేలా చేయడమే. జబ్బా అంటే, జబ్బూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో దీన్ని మానసిక రోగాల నుంచి తీసేసింది. సాయం కావలసినవాళ్ళకు వైద్యం అందాలి కాబట్టి లైంగిక ఆరోగ్యం అనే వేరే విభాగంలో ఉంచింది.

హిజ్రాల గురించి అడిగారు. మనకు ట్రాన్స్‌జెండర్ అనగానే కళ్ళ ముందు మెదిలేది రైళ్ళలో, సిగ్నళ్ళ దగ్గర, కొత్త షాపుల ప్రారంభాల్లో చప్పట్లు కొట్టేవాళ్ళే. వాళ్ళు అబ్బాయిలుగా పెరిగి ఆడవాళ్ళుగా బతుకుతున్నవాళ్ళు. మీ బిడ్డది దీనికి తిరగేసిన కథ, ఆడపిల్లగా పెరిగిన అబ్బాయి. ఇలాంటివాళ్ళను ట్రాన్స్ మ్యాన్ అంటారు. మన ఊళ్ళల్లో వీళ్ళు ఎవరి కంటా పడరు. హిజ్రాలకు గురువు, చేలాలు (అంటే శిష్యులు) అని ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లోంచి తరిమేస్తే పోవడానికి ఒక గడప ఉంటుంది. ట్రాన్స్ మ్యాన్‌కి ఆ గడప కూడా లేదు. ఇంట్లోనే నోరు మూసుకుని ఉంటారు, లేకపోతే పెళ్ళి చేసి పంపించేస్తారు. కాబట్టి మీ బిడ్డ ఎవరిలోనో కలిసిపోతుందన్న భయం పక్కన పెట్టండి. మనసు విప్పి మాట్లాడటానికి ఒక్క మనిషీ లేకుండా మిగిలిపోతుందేమోనని భయపడండి. ప్రస్తుతానికి ఆ ఒక్క మనిషి మీరే.

ఇంకో మాట. హిజ్రాలైనా ఇంట్లోవాళ్ళు ఉండనిచ్చి, చదువు సాగనిచ్చి ఉంటే చప్పట్లు కొట్టే బతుక్కి ఎంతమంది వచ్చేవాళ్ళు? ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్, ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. చదువు మధ్యలో ఆగకుండా చూడటమే మీరు చేయగలిగిన పెద్ద సాయం.

ఇక అసలు పని. మీరు రాసిన వాటిల్లో తొందరగా తేలాల్సింది ఒక్క తాంబూలాల సంగతే. ఇంజెక్షన్లు, కాగితాలు, ఊళ్ళో మాటలు, ఇవన్నీ ఆర్నెల్లు ఆగినా కొంప మునగదు. తాంబూలాలు మార్చుకున్నాక ఆపాలంటే మాత్రం ఇటు మీ పరువు, అటు ఆడపడుచు పరువు, మధ్యలో అత్తగారి బీపీ అన్నీ వచ్చి బిడ్డ నెత్తిన పడతాయి. ఆ మేనల్లుడి గురించి మీరు ఒకే వాక్యం రాశారు, మంచివాడని. మంచివాడైతే అతనికి మాత్రం ఈ శిక్ష ఎందుకు? బలవంతపు పెళ్ళిని రద్దు చేయమని కోర్టును అడిగే వీలు హిందూ వివాహ చట్టంలో ఉంది. కానీ మేనరికంలో కోర్టుకెక్కడం అంటే రెండిళ్ళూ ఏమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. "పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్న మాట మన పెద్దవాళ్ళు దేనికైనా అంటారు. తాగుడుకీ అదే మందు, మూర్ఛకీ అదే మందు. దేనికి తగ్గిందో నేనైతే చూడలేదు.

ఆపడానికి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఈ రోజే మీ ఆయనకు అంతా చెప్పేయడం ఒకటి. అబద్ధాల బరువు ఉండదు, తన చెల్లెలికి తనే చెప్పుకుంటారు. కానీ మీరే రాశారు, "కోపం వస్తే చెయ్యి చేసుకుంటారు, తర్వాత కూర్చుని ఏడుస్తారు" అని. ఆ కోపంలో హాస్టల్ మాన్పించి, ఫోన్ లాక్కుని ఇంటికి తెచ్చేస్తే మూడేళ్ళ చదువు గంగపాలు. పైగా నాన్నకు ఇప్పుడే చెప్పొద్దని బిడ్డ మిమ్మల్ని అడిగింది. అడక్కుండా చెప్తే మీ ఇద్దరి మధ్య ఉన్న నమ్మకం కాస్తా తెగిపోతుంది. ఆ తర్వాత మీ ఫోన్ కూడా ఎత్తకపోవచ్చు.

చదువును అడ్డం పెట్టడం రెండోది. ఇంకో ఏడాది ఉంది, క్యాంపస్ ఇంటర్వ్యూలు ఉన్నాయి, అయ్యాక చూద్దాం అనడం. ఇందులో అబద్ధం కూడా లేదు. చిక్కేమిటంటే, వాయిదా వేస్తే వాళ్ళు ఎదురుచూస్తారు. మేనల్లుడికి వచ్చిన సంబంధాలు వెనక్కి పంపుతారు. ఏడాది తర్వాత కాదంటే "ఇన్నాళ్ళు ఆశపెట్టి" అన్న మాట ఖాయం. అందుకని నేనైతే వాయిదాతో పాటు మేనరికమే వద్దని చెప్పేయమంటాను. దగ్గర రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావని ఇప్పుడు ఆశా వర్కర్ల నుంచి అందరూ చెప్తున్న మాటే. పైగా అది నిజం. ఎవరినీ తక్కువ చేయకుండా ఆ సంబంధం అక్కడితో తెగుతుంది, ఆ అబ్బాయి దారి అతను చూసుకుంటాడు. అయితే బయటి సంబంధాలు మొదలవుతాయి. డిగ్రీ చేతికొచ్చేదాకా పెళ్ళి మాటే ఎత్తొద్దని ఆ నోటితోనే అనేయాలి.

మూడోది, బిడ్డే తండ్రికి చెప్పుకోవడం, పక్కన ఇంకొకరు ఉండగా. పెద్దమ్మాయి గురించి మీరు రెండుసార్లు రాశారు, "చెల్లెలంటే ప్రాణం" అని. ఆమెకు చెప్పవచ్చా అని బిడ్డను అడగండి. అక్కకు ఈపాటికే తెలిసి ఉన్నా నేను ఆశ్చర్యపోను. అల్లుడి సంగతి ఎలాంటిదో ఆమే చెప్పాలి. తండ్రులు భార్య మాటకంటే పెళ్ళయిన కూతురి మాటను ఎక్కువ ఓపికగా వింటారు, ఇది చాలా ఇళ్ళల్లో చూశాను.

ఇప్పటికి రెండో దారి పట్టి, దొరికిన ఏడాదిలో మూడోదానికి సిద్ధం కావడం మీ పరిస్థితికి సరిపోతుందని నా అభిప్రాయం. దీనికీ ఖరీదు ఉంది. తెలిసిన రోజు మీ ఆయన "నువ్వు ఏడాది నుంచీ దాచావు" అంటారు. దానికి సిద్ధంగా ఉండండి. తప్పు చేసినదానిలా తల దించుకోకుండా, "మీ కోపానికి భయపడి దాచాను" అని ఉన్నమాట చెప్పండి.

చెప్పే రోజు కంటే ముందే కొన్ని సర్దుకోవాలి. చివరి సంవత్సరం ఫీజు కట్టేసి ఉండాలి. బిడ్డ పేరున సొంత బ్యాంకు ఖాతా, ఆధార్, టెన్త్, ఇంటర్ మెమోల కాపీలు బిడ్డ దగ్గరే ఉండాలి. గొడవ పెద్దదైతే నాలుగు రోజులు ఎక్కడుండాలో, అక్క ఇంట్లోనా, స్నేహితుల దగ్గరా, ముందే అనుకుని ఉండాలి. చెయ్యి చేసుకుంటే 112కి ఫోన్ చేయడం తప్పు కాదు. ఇరవై ఏళ్ళ మనిషి మేజర్. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి వీల్లేదని 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. చట్టం పేరెత్తి మొగుణ్ణి బెదిరించమని చెప్పడం లేదు. అవసరమైతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సలహా ఇస్తుందని గుర్తుంచుకోండి, చాలు.

ఆ డాక్టరు గురించి. బిడ్డను ఆయన దగ్గరకు తీసుకెళ్ళకండి. మనిషి జెండర్‌ను మందులతో, మాటలతో "మార్చే" చికిత్స ఏదీ లేదు. అలా చేయడానికి ప్రయత్నించడం వైద్య వృత్తికి విరుద్ధమైన ప్రవర్తన అని మద్రాస్ హైకోర్టు ఆదేశాల తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. అంటే ఆయన చేస్తానంటున్నది ఆయన లైసెన్సుకే చేటు. మంచి డాక్టర్లూ ఉన్నారు. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి. జెండర్ విషయంలో ఇంతకుముందు కౌన్సెలింగ్ చేశారా? మార్చడానికి ప్రయత్నిస్తారా? రెండోదానికి "చూద్దాం, తీసుకురండి" అని జవాబొస్తే ఫోన్ పెట్టేయండి.

అయినా డాక్టరు అవసరం ఉండవచ్చు, వేరే కారణానికి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, పరీక్షలంటే వణుకు, చచ్చిపోదామన్న ఆలోచనలు, ఇవన్నీ ఇంతకాలం దాచుకున్న పిల్లల్లో రావచ్చు, వాటికి చికిత్స ఉంది. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్, 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ బిడ్డకే కాదు, మీరు కూడా చేయవచ్చు. కుట్టు మిషన్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నానని రాశారు. మీకూ ఒక చెవి కావాలి.

ఆ బ్యాండేజీ మాత్రం రేపే మాన్పించండి. కాలు బెణికితే వాపు అణచడానికి చుట్టే గుడ్డ అది. ఛాతీకి చుడితే బిగుసుకుపోతుంది, ఊపిరి పూర్తిగా తీసుకోనివ్వదు. పక్కటెముకలు నొప్పి పుడతాయి, చంకల కింద చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి. మన ఎండల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. సరైన సైజు స్పోర్ట్స్ బ్రా వాడొచ్చు. ఇందుకోసమే కుట్టిన బైండర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవైనా రోజుకు ఎనిమిది గంటలు మించకూడదు, పడుకునేటప్పుడు, ఆటలాడేటప్పుడు వేసుకోకూడదు, నొప్పి అనిపిస్తే వెంటనే తీసేయాలి. మీ చేతిలో పని ఉంది కదా, ముదురు రంగులో కాస్త దళసరి కాటన్ తీసుకుని, భుజం కొంచెం దిగేలా, డార్టులు లేకుండా, ముందు రెండు వైపులా జేబులు పెట్టి వదులు చొక్కాలు రెండు కుట్టి పంపండి. కొలతల కోసం ఫోన్ చేయండి. ఇన్నాళ్ళూ ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయిన సంభాషణ కాలర్ సైజు దగ్గర మొదలవుతుంది.

కొత్త పేరు నోటికి రావడం లేదన్నారు. ఇరవై ఏళ్ళ అలవాటు, ఒక్క రాత్రిలో మారదు. అప్పటిదాకా "నాన్నా" అని పిలవండి. మన ఇళ్ళల్లో కూతురినీ కొడుకునీ "ఏం నాన్నా, తిన్నావా" అనే కదా అంటాం. మెసేజ్‌లో మాత్రం ఆ కొత్త పేరు ఒకసారి రాసి చూడండి. నోటికంటే వేలికి సులువు. "నువ్వు చెప్పింది నాకు పూర్తిగా అర్థం కాలేదు, కానీ నేను నీతోనే ఉన్నాను" అని కూడా రాయొచ్చు. అర్థమైనట్టు నటిస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఇంజెక్షన్లంటే టెస్టోస్టిరాన్ అనే హార్మోను. మేజర్ కాబట్టి అది వేయించుకోవాలా వద్దా అన్నది బిడ్డ నిర్ణయం. మీరు సంతకం పెట్టి ఒప్పుకునేదీ కాదు, పెట్టక ఆపేదీ కాదు. సరైన పద్ధతిలో అయితే ముందు మానసిక వైద్య నిపుణుడు చూస్తారు, తర్వాత హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) రక్తపరీక్షలు చేయించి మొదలుపెడతారు. నెలసరి కొన్ని నెలల్లో ఆగుతుంది, గొంతు మారుతుంది, గడ్డం, మీసం వస్తాయి. గొంతు, గడ్డం ఒకసారి వచ్చాక ఇంజెక్షన్ మానేసినా పూర్తిగా వెనక్కి పోవు. రక్తం చిక్కబడటం, కొలెస్ట్రాల్ పెరగడం లాంటివి ఉంటాయి కనుక మొదటి ఏడాది తరచుగా పరీక్షలు చేయించాలి. ముందు ముందు పిల్లలు కావాలనుకుంటారేమో అన్న మాట మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. భయపడాల్సింది డాక్టరు రాసిన మందుకు కాదు, జిమ్ముల్లో, ఆన్‌లైన్‌లో చీటీ లేకుండా అమ్మే సీసాలకు. "ఎక్కడైనా కొని వేసుకుంటున్నావా?" అని తిట్టే గొంతుతో కాకుండా అడగండి. ఆపరేషన్ సంగతి ఇప్పుడే తలకెత్తుకోకండి. అసలు చేయించుకోకుండానే హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. కావాలనుకుంటే, ఏడాదికి ఐదు లక్షల దాకా ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అనే కేంద్ర పథకాన్ని 2022లో ప్రకటించారు. దానికి గుర్తింపు పత్రం ఉండాలి.

ఆ పత్రం కథ కొంచెం పెద్దది. మనిషి తన జెండర్ ఏమిటో తానే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) వేసిన కేసులో తీర్పిచ్చింది. 2019లో ఇందాక చెప్పిన చట్టం, 2020లో దాని నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం జాతీయ పోర్టల్‌లో అఫిడవిట్‌తో దరఖాస్తు పెడితే జిల్లా కలెక్టరు "ట్రాన్స్‌జెండర్" అని గుర్తింపు పత్రం ఇచ్చేవారు. "పురుషుడు" అని కావాలంటే వైద్యం జరిగినట్టు ఆసుపత్రి కాగితంతో మళ్ళీ దరఖాస్తు చేయాల్సి వచ్చేది. ఆ పత్రం ఆధారంగా ఆధార్, పాన్, టెన్త్ మెమో దాకా పేరు మార్పించుకునే వీలుండేది. ఈ చట్టం మీద, అందులో మార్పుల మీద వాదనలు ఆగినట్టు లేవు. అందుకని దరఖాస్తు పెట్టే రోజున ఏ పద్ధతి నడుస్తోందో 15100లో అడిగి తెలుసుకోండి.

ఎప్పుడు పెట్టాలన్నది ఆలోచించుకోవాల్సిన సంగతి. డిగ్రీ పట్టా ముద్రించకముందే అయితే పట్టా కొత్త పేరుతో వస్తుంది. కానీ కాలేజీ ఆఫీసులో నలుగురికి తెలుస్తుంది, క్యాంపస్ ఇంటర్వ్యూల సమయానికి సగం కాగితాల్లో ఒక పేరు, సగంలో ఇంకోటి ఉండి తలనొప్పి. ఉద్యోగం వచ్చాక అయితే సొంత కాళ్ళ మీద ఉంటారు, కాకపోతే టెన్త్ నుంచి పట్టా దాకా అన్నీ తిరిగి మార్పించుకోవాలి. ఇది బిడ్డ ఎంచుకోవాల్సింది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 పింఛను ఉందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే, కానీ మీ ఊరి సచివాలయంలో దరఖాస్తు ఇస్తే మర్నాడు పొద్దున్న పాలవాడికి కూడా తెలుస్తుంది. ప్రస్తుతానికి వదిలేయండి.

హాస్టల్ సంగతి. లేడీస్ హాస్టల్లోనే ఇంకో ఏడాది గడిపితే ఖర్చు తక్కువ, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. కానీ రోజూ ఊపిరి బిగపట్టుకుని బతకాలి. బయట సింగిల్ రూమ్ తీసుకుంటే కొంచెం డబ్బు ఎక్కువ, మీ ఆయనకు కారణం చెప్పాలి, ఒంటరితనం కూడా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు నమ్మకమైన స్నేహితులతో ఫ్లాట్ అయితే నయం. కాలేజీలో ఎవరైనా ఏడిపిస్తే అది "సరదా" కిందికి రాదు. యూజీసీ 2016లో ర్యాగింగ్ నిర్వచనంలో జెండర్, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో వేధించడాన్ని కూడా చేర్చింది. ఫిర్యాదుకు 1800-180-5522 ఉంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ టీచరుకు నష్టపరిహారం ఇప్పించి, సమాన అవకాశాల విధానం కోసం కమిటీ కూడా వేసింది. కాబట్టి కాలేజీలు మాకు తెలియదని తప్పించుకోవడం కష్టం.

తెలుగులో చదవడానికి, నిజం చెప్పాలంటే, తక్కువ. యూట్యూబ్‌లో వెతికితే ఎక్కువగా తగిలేది వెకిలి కామెడీ, ప్రాంక్ వీడియోలు. వాటి జోలికి పోకండి, ముఖ్యంగా రాత్రిపూట. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో తెలుగులోకి తెచ్చారు, దానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అది మీ బిడ్డ కథ కాదు, తమిళనాడులో పెరిగిన ఒక ట్రాన్స్ మహిళది. కొన్ని పేజీలు చదవడం కష్టంగా ఉంటుంది. అయినా ఇల్లు వెళ్ళగొడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అంతకంటే సూటిగా చెప్పే పుస్తకం తెలుగులో నాకు కనపడలేదు. తల్లిదండ్రులతోనే మాట్లాడాలనిపిస్తే ముంబైలో 2017లో మొదలైన "స్వీకార్" అనే సంఘం ఉంది, మీలాంటి అమ్మానాన్నలే నడుపుతారు. 2023లో వాళ్ళలో నాలుగు వందల మందికి పైగా కలిసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. హైదరాబాద్‌లో తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి ఉంది. మీ బిడ్డ చదివేది ఆ చుట్టుపక్కలే కనుక, ఎవరినైనా కలవాలనుకుంటే తననే వెతుక్కోనివ్వండి. మీరు వెంటబడి తీసుకెళ్ళొద్దు.

ఆఖరిది, మీ ఆడపడుచు. ఆవిడ వచ్చేదాకా ఆగకుండా మీరే ఫోన్ చేయండి, అత్తగారు పక్కన లేనప్పుడు. అంతకుముందు రాత్రి మీ ఆయనతో, "మేనరికం నాకు ఇష్టం లేదు, చదువయ్యేదాకా పెళ్ళి మాటా వద్దు" అని చెప్పేసి ఉండాలి. ఆయన ద్వారా వేరేగా తెలిస్తే ఆడపడుచు మనసు ఇంకా కష్టపడుతుంది. ఆవిడతో, "వదినా, మీ వాడికి వంక పెట్టడానికి లేదు. దగ్గర సంబంధం నాకు భయం. నా బిడ్డకు ఇప్పుడే పెళ్ళి చేయను. మీరు బయట మంచి సంబంధం చూసుకోండి" అనండి. ఎందుకు, ఏమిటి, ఎవరినైనా ప్రేమించిందా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. లేదని చెప్పండి. జుట్టు సంగతి ఎత్తితే ఎండాకాలం వస్తోంది కదా అనండి. మూడోసారి అడిగినా అదే సమాధానం, కొత్త కారణం కలపకండి. అలిగి నెల రోజులు ఫోన్ చేయకపోతే, చేయనివ్వండి.